బాహుకుని కొలువు: నలోపాఖ్యానమున ఒక నియామక విచారము

ఆంధ్ర మహాభారతమున నలోపాఖ్యానము సహృదయులకు చిరపరిచితమైన కథ. ఆరణ్యపర్వమున దీనిని తెనిగించినవాడు నన్నయభట్టారకుడు. హంసదౌత్యమును, స్వయంవరమును, కలిప్రవేశమును, దమయంతీ వియోగమును గూర్చి మన విమర్శకులు విస్తరించి చర్చించిరి. శ్రీనాథుడు నలకథను చేపట్టియు శృంగారనైషధమును వివాహానంతర సుఖములతోనే ముగించుటచే, తరువాతి కథకు కావ్యజగత్తున అంతటి ప్రచారము కలుగలేదు. నలుడు విరూపుడై, బాహుకుడను పేరున అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున చేరిన ఘట్టమును చాలమంది కథను నడపు వంతెనగా మాత్రమే తలచి దాటిపోయిరి. మాకు మాత్రము ఆ వంతెనపై కొంతసేపు నిలువవలసిన అవసరము కనబడుచున్నది. అంగవైకల్యము కలవానికి కొలువిచ్చుట యెట్లు, ఇచ్చినవాడు ఏమి చేయవలెను అను ప్రశ్నకు మన ప్రాచీన వాఙ్మయమున ఇంత స్పష్టమైన సమాధానము మరియొకచోట మాకు కనబడలేదు. ఆ సమాధానమున గొప్ప గుణమును కలదు, గొప్ప లోపమును కలదు. ఆ రెంటిని విడదీసి చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. కథాంశముల విషయమున ఇచట వ్యాసుని మూలమునే ఆధారముగా గైకొనుచున్నాము.

కర్కోటకుని కాటుచే నలుని రూపము మారినది. మూలమున ఇతనికి 'హ్రస్వబాహుకు'డను విశేషణము కలదు. చేతులు పొట్టివైన మనుష్యుడు రథమును తోలు ఉద్యోగమునకై వచ్చెనని అర్థము. పగ్గములు పట్టు పనికి పొట్టిచేతులవాడు అభ్యర్థి యగుటకంటె ప్రతికూలమైన స్థితి వేరొకటి ఉండబోదు. ఇతడు రాజునెదుట నిలిచి తన వైకల్యమును గూర్చి ఒక్క మాటయు పలుకడు. దైన్యము చూపడు. అశ్వములను నడపుటలో తనకు సాటి లేడనియు, కష్టకాలమున ఆలోచన చెప్పగలననియు, వంట యెరుగుదుననియు, లోకమున గల శిల్పములలో కష్టమైనవానినికూడ ప్రయత్నింతుననియు చెప్పి, తన్ను భరింపుమని కోరును.

ఋతుపర్ణుని ప్రత్యుత్తరము శ్రద్ధతో పరిశీలింపదగినది. అందు నాలుగంశములు కలవు. ఒకటి, ప్రశ్న లేకుండుట. నీ చేతులిట్లున్నవే, పగ్గమెట్లు పట్టుదువు అని రాజు అడుగలేదు. తనకు శీఘ్రయానమునందు అభిలాష కలదనియు, గుఱ్ఱములు వేగముగా పోవు ఉపాయము చేయుమనియు పనిని చెప్పెను. రెండు, పదవి. అతనిని ఏదో ఒక మూల ఉండనీయక అశ్వాధ్యక్షునిగా నియమించెను. మూడు, వేతనము. మూలమున అది నూరు నూరులుగా, అనగా పదివేలుగా, నిర్ణయింపబడినది. నాలుగు, సహాయకులు. వార్ష్ణేయుడు, జీవలుడు అను ఇరువురిని నిత్యము అతనికి తోడుండుటకు ఏర్పరచెను. ఈ సహాయకులను బాహుకుడు కోరలేదు. యజమానుడే తలచి యిచ్చెను. పని, పదవి, వేతనము, తోడు అను ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను అది కొలువు కాదు, ఆశ్రయము మాత్రమే అగును. మన భాషలో 'కొలువు' అను పదమునకు ఉద్యోగమనియు, రాజసభ యనియు రెండర్థములు కలవు. ఋతుపర్ణుడు బాహుకునకు ఈ రెండర్థములలోను కొలువిచ్చెను.

ఐనను వ్యాసుడు ఋతుపర్ణుని దోషరహితునిగా చిత్రింపలేదు. దమయంతీ ద్వితీయ స్వయంవరవార్త విని ఒక్క దినముననే విదర్భకు పోవలసి వచ్చినపుడు, బాహుకుడు అశ్వశాలలో చిక్కిన గుఱ్ఱములను ఎన్నుకొనెను. వానిని చూచి రాజు కినిసెను. ఈ బలహీనములైన గుఱ్ఱములు అంతదూరము మమ్మెట్లు మోయగలవు, మమ్ము మోసగింపనెంచితివా అని పలికెను. మనుష్యుని రూపమును బట్టి విలువ కట్టని ప్రభువే గుఱ్ఱములను రూపమును బట్టి త్రోసివేయబోయెను! ఒకచోట గెలిచిన వివేకము మరియొకచోట ఓడుట లోకసహజము. కాని తరువాత రాజు చేసిన పని ముఖ్యమైనది. గుఱ్ఱముల విషయమున నీవే నేర్పరివి, నీకు తగినవానిని పూన్చుమని తన అభిప్రాయమును వదలుకొనెను. కొలువిచ్చుటతో యజమానుని ధర్మము ముగియదు. కొలువున నున్నవాని జ్ఞానమునకు లోబడుట అందు రెండవ మెట్టు. దారిలో విభీతక వృక్షము చెంత వారిరువురు అక్షహృదయమును, అశ్వహృదయమును పరస్పరము ఇచ్చి పుచ్చుకొనుటకు మాట పడుటతో మూడవ మెట్టు వచ్చినది. ఇక యజమానుడు, సేవకుడు అను భేదము విద్య దగ్గర నశించినది.

బాహుకుడు నలుడని తెలిసిన పిమ్మట ఋతుపర్ణుడు, అజ్ఞాతవాసమున తనవలన ఏదైన అపరాధము జరిగియుండినచో క్షమింపుమని వేడును. నలుడు, అపరాధమేమియు లేదనియు, నీ యింట నేనున్నంత సుఖముగా నా యింటనైనను ఉండలేదనియు పలుకును. ఇది మర్యాదకు చెప్పిన మాట యని త్రోసివేయరాదు. స్వగృహమున నలుడు రాజ్యమును, భార్యను, తనను తాను కోల్పోయెను. పరగృహమున పనివలన తన్ను తాను నిలుపుకొనెను. ఇట్టి ప్రశంస ఏ యజమానునికైనను దుర్లభము.

ఈ ఘట్టము విలువ తెలియవలెనన్న దీనిని ధృతరాష్ట్ర వృత్తాంతముతో పోల్చి చూడవలెను. ఆదిపర్వమున ధృతరాష్ట్రుడు మిక్కిలి బలశాలిగా వర్ణితుడు. కాని చూపు లేని కారణమున అతనికి రాజ్యము రాలేదు. పుట్టుకను బట్టి విదురునకును రాలేదు. పాండురాజునకు వచ్చినది. అంధుడు పాలింపజాలడను వాదమునకు కథయే విరుద్ధ సాక్ష్యము. పాండుడు అడవికేగిన పిదప రాజ్యమును నడపినవాడు ఆ ధృతరాష్ట్రుడే. అనగా పనిని చేయించుకొనిరి, అధికారమును మాత్రము నిండుమనసుతో ఇయ్యలేదు. తండ్రికి చూపు లేక తప్పిపోయిన రాజ్యమును గూర్చిన ఆక్రోశము దుర్యోధనుని నోట వినబడును. కురుక్షేత్రమునకు గల అనేక బీజములలో ఇదియు నొకటి. మనుస్మృతి అంధులకును, బధిరులకును, ఇతర వికలాంగులకును దాయభాగము నిరాకరించి, గ్రాసవాసములు మాత్రము కల్పించినది. ఆ నిరాకరణమును తొలగించుటకు 1928లో ప్రత్యేక శాసనము అవసరమైనది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వ్యాధి, వైకల్యములు అనర్హతలు కావని స్పష్టము చేసినది. ధృతరాష్ట్రునకు జరిగినది ధర్మశాస్త్రానుసారము. బాహుకునకు జరిగినది దానికి అతీతము.

ఇట్టి సందర్భమున అష్టావక్రుని పేరు చెప్పుట పరిపాటి. జనకుని సభలో అతని వంకరలను చూచి పండితులు నవ్విరను కథ ప్రసిద్ధము. కాని భారతమున ద్వారపాలకుడు అతనిని అడ్డగించుటకు చెప్పిన కారణము వంకరలు కావు, బాల్యము. వృద్ధులైన విద్వాంసులకే ప్రవేశమని అతని వాదము. పరిశోధక విద్యార్థులు ఈ భేదమును గమనింపవలెను. లోకము తన అనుభవమును బట్టి కథలోనికి నవ్వును చేర్చినదని మా అభిప్రాయము. గుమ్మము దగ్గర అడ్డు ఎందుకు కలుగునో వినువారికి తెలిసియే యుండెను.

ఇక లోపమును చెప్పవలెను. అష్టావక్రుడు వాదమున గెలిచిన పిదప సమంగా నదిలో స్నానము చేయగా అతని అంగములు చక్కబడినవి. నలుడు దివ్యవస్త్రములను ధరింపగా పూర్వరూపము వచ్చినది. ధృతరాష్ట్రునకు సైతము, ఆశ్రమవాసపర్వమున మరణించిన పుత్రులను చూచుటకు, వ్యాసుని అనుగ్రహముచే చూపు కలిగినది. మూడు కథలలోను ముగింపు ఒక్కటే. దేహము సరిపడనిదే కథకు శాంతి లేదు. వైకల్యము కలవానిని వైకల్యముతోనే సుఖపెట్టి కథను ముగించు ధైర్యము మన పురాణకవులకు ఈ మూడు సందర్భములలోను చాలలేదు. అంతేకాదు. బాహుకుని లోపల నలచక్రవర్తి ఉన్నాడు, అష్టావక్రుని లోపల మహాజ్ఞాని ఉన్నాడు. లోపల మహాపురుషుడు లేని పొట్టిచేతులవాడు అయోధ్యకు వచ్చియుండినచో అతని గతి యేమి? సామాన్యమైన నేర్పు గల సారథి, సామాన్యమైన వేతనమునకు, తన పొట్టిచేతులతోనే వృద్ధుడగు వరకు పని చేసెనని చెప్పు ఉపాఖ్యానము మనకు కావలెను. 2011 జనాభా లెక్కలలో మన దేశమున అంగవైకల్యము కలవారు 2 కోట్ల 68 లక్షలుగా తేలిరి. వారిలో పనివారు నూటికి 36 మంది మాత్రమే. వీరందరును మారువేషమున నున్న చక్రవర్తులు కారు. కానక్కరలేదు.

ఈ విమర్శను ఇతరులపై మాత్రమే చేయుట మాకు తగదు. కొన్నేండ్ల క్రిందట ఒక కళాశాలలో ఉపన్యాసకుని ఎన్నుకొను సంఘమున మేమును సభ్యులమై యుంటిమి. అభ్యర్థులలో ఒకరు పుట్టంధులు. ఛందస్సుపై పరిశోధన చేసినవారు. ఆయనను మేమడిగిన మొదటి ప్రశ్న, "నల్లబల్లమీద ఎట్లా వ్రాస్తారు?" అనునది. ఆయన శాంతముగా, "అయ్యా, గణాలు చెవికి తెలుస్తాయి గదా. బల్లమీద వ్రాయడానికి తరగతిలో ఒక విద్యార్థిని పిలుస్తాను" అనిరి. ఆ సమాధానము మాకు అప్పుడు చాలినట్లు తోచలేదు. తరువాతి ప్రశ్నలును మెట్లను గూర్చియు, హాజరుపట్టీని గూర్చియు సాగినవి. ఛందస్సును గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగక ఆయనను పంపివేసితిమి. ఆ సంవత్సరముననే మేము తరగతిలో నలోపాఖ్యానమును చెప్పుచు, వార్ష్ణేయ జీవలుల నియామకము దగ్గర నోట మాట రాక ఆగిపోతిమి. ఋతుపర్ణుడు అడుగకయే ఇరువురు సహాయకులను ఇచ్చెను. ఆయన అడిగినది సుద్దముక్క పట్టు ఒక విద్యార్థిని మాత్రమే.

కథలో మరియొక సూక్ష్మాంశము కలదు. బాహుకుని పరీక్షించుటకు దమయంతి పంపిన కేశిని తిరిగివచ్చి ఒక వింత చెప్పినది. అతడు తక్కువ ఎత్తు గల ద్వారము దగ్గరకు వచ్చినపుడు వంగడట, ద్వారమే అతనికి తగినట్లు పెరుగునట. ఇరుకైన త్రోవ అతనికై విశాలమగునట. వ్యాసుడు దీనిని నలుని దివ్యశక్తికి గుర్తుగా చెప్పెను. మాకు ఇది యజమాని ధర్మమునకు ఉపమానముగా తోచుచున్నది. మనుష్యుడు ద్వారమునకై వంగవలెనా, ద్వారము మనుష్యునికై పెరుగవలెనా అనునదే ఈ విషయమున అసలు ప్రశ్న. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక ద్వారమే పెరుగవలెనని చెప్పినది. భారతదేశము దానిని 2007లో ధ్రువీకరించినది. తదనుగుణముగా 2016లో వెలువడి 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, 'సముచితమైన సర్దుబాటు'ను యజమానుని బాధ్యతగా చేసినది. అనగా మోయరాని భారము కాని మేరకు, పనిచోటును, పనిముట్టును, పని విధానమును మనుష్యునికి తగినట్లు మార్చుట. ఆ చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వంతులు ప్రత్యేకించినది. 1995 నాటి పూర్వ చట్టమున ఇది 3 వంతులు. ప్రైవేటు సంస్థలకు నిర్బంధము లేదు. ఉద్యోగులలో నూటికి అయిదుగురైనను వీరుండునట్లు ప్రోత్సాహకములు మాత్రము చెప్పబడినవి. ప్రోత్సాహము ఋతుపర్ణుని మనసు గల యజమానునికి చాలును, ఇతరులకు చాలదు.

కొలువున నుండగా వైకల్యము పొందినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదనియు, ఆ పనికి తగనిచో అదే వేతనశ్రేణిలో వేరు పని చూపవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలో వర్ణాంధత్వము కారణమున కొలువు పోయిన ఒక బస్సు చోదకుని విషయమున 2025లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, అట్టివారికి వేరు కొలువు చూపుటకు 1979లోనే సంస్థకును కార్మికులకును కుదిరిన ఒప్పందమును గుర్తుచేసినది. రథసారథికి కొలువు నిలిచిన కథ చదివినవారు నేటి సారథి కథనుకూడ చదువవలెను. ఇచట దివ్యవస్త్రములు లేవు. అతని చూపు మారలేదు. మారవలసినది సంస్థయే యని న్యాయస్థానము నిర్ణయించినది. మన ఉపాఖ్యానములు రాయజాలని ముగింపును ఒక తీర్పు వ్రాసినది.

మేము రామన్నపేట ప్రాంతమువారము. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో నుండి, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన సీమ అది. ఆ మండలమున సిరిపురము, వెల్లంకి చేనేతకు పేరుగన్న గ్రామములు. ఇక్కత్తు నేతలో పని ఒక్కటి కాదు. నూలు చుట్టుట, ఆసు పోయుట, చిటికి కట్టుట, రంగులద్దుట, పడుగు సిద్ధము చేయుట, కండెలు చుట్టుట, కడపట మగ్గమున నేయుట. గుంట మగ్గమున కూర్చుండువానికి కాళ్లు ఆడవలెను. కాలు ఆడనివానికి చిటికి కట్టు పని కలదు. చూపు మందగించినవానికి కండెలు చుట్టు పని కలదు. నేతయిల్లు ఏ శాస్త్రమును చదువకయే ఎవరికి తగిన పని వారికి పంచినది.

అంతకంటె విశేషమైనది ఆసు కథ. పేకనూలును అర్ధచంద్రాకారమున నిలిపిన మేకుల చుట్టును చేతితో త్రిప్పి పోయుట ఆసు. ఒక చీరకు చేయి సుమారు 9000 పర్యాయములు ఇటునటు పోవలెను. ఈ పని ప్రధానముగా స్త్రీలది. యేండ్ల తరబడి చేసిన తల్లుల భుజములు పట్టివేయుట ఈ సీమలో ఎరుగనివారు లేరు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి భుజముల బాధను చూడలేక, 1999లో ఆసు పోయు యంత్రమును రూపొందించి, దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2019లో ఆయన కథ చలనచిత్రమైనది. విమర్శకులు దీనిని మాతృభక్తి కథగా పొగడిరి. అది నిజమే. కాని అందలి మూలసూత్రము వేరు. చేయి నొచ్చుచున్నదని చేతిని దూరము చేయలేదు, పనిముట్టును మార్చిరి. కేశిని చూచిన ద్వారము శారాజీపేటలో మనుష్య ప్రయత్నముచే పెరిగినది.

ఐనను నేతయింటిని ఆదర్శముగా ఎత్తిచూపి ఊరకుండుట తగదు. ఆ యింట కండెలు చుట్టినవానికి పని కలదు, తోడు కలదు. పదవి లేదు, వేతనము లేదు. కూలి నేసిన చీరకు కట్టబడును. అది మగ్గముపై కూర్చున్నవాని పేర వచ్చును. మగ్గమునకు ముందు జరుగు పనులు ఇంటివారి కష్టముగా అందులో మునిగిపోవును. ఋతుపర్ణుని నాలుగంశములలో ఇచట రెండే కలవు. మరికొంత దూరమున మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగిన వారి స్థితి ఇంకను కఠినము. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వైద్యపత్రికలో శాస్త్రీయ వ్యాసము 1955లోనే వెలువడినది. నీటికి విరుగుడు ఆలోచించినంతగా, అప్పటికే వంగిన వారి కొలువును గూర్చి ఆలోచింపబడలేదు.

ఆలోచించిన యజమానులును మన భాషవారిలో లేకపోలేదు. మచిలీపట్నము చేరువ సీతారామపురమున అంధుడై పుట్టి, ఇంటర్మీడియట్టున విజ్ఞానశాస్త్రము చదువుటకై న్యాయస్థానమునకేగి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివిన శ్రీకాంత్ బొల్లా, 2012లో హైదరాబాదున బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి అంగవైకల్యము కలవారికి కొలువులిచ్చెను. ఇచట బాహుకుడే ఋతుపర్ణుడైనాడు. ఐనను ఇట్టి అసామాన్యుని చూపి సామాన్యుని కొలుచుట మరల పాత దోషములో పడుటయే యగును.

పదముల విషయమున ఒక మాట. 2015 చివర 'దివ్యాంగు'లను పదము ప్రచారమునకు వచ్చినది. తిట్టుపదములకంటె ఇది మేలే. కాని 'దివ్య' అనగానే మరల అద్భుతము వచ్చి చేరుచున్నది. ద్వారము తనంత తాను పెరుగునని నమ్మువారికి వడ్రంగిని పిలువవలసిన పని యుండదు.

తెలుగు బోధకులకు ఈ విషయము దూరమైనది కాదు. సవరల భాషకై కొండలలో తిరిగి, జ్వరమునకు క్వినైను వాడి, గిడుగు రామమూర్తి వినికిడి కోల్పోయిరి. భాషాశాస్త్రజ్ఞునకు చెవి కంటె ముఖ్యమైన పనిముట్టు ఏది? ఆ పిదప 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువడినవి. నేడు ఆయన ఏ నియామక సంఘము నెదుటనైనను నిలిచినచో మేము మొదట ఏమి అడుగుదుము? మీకు వినబడునా అని అడుగుదుమేమో యని మా భయము.

నలోపాఖ్యానమును ఇకమీద చెప్పునపుడు దివ్యవస్త్ర ధారణముతో ముగింపక, అశ్వశాల దగ్గర కొంతసేపు ఆగుట మంచిదని మా మనవి. నీకేమి లేదు అని కాక నీకేమి వచ్చును అని అడిగిన యజమానుడు అచట నున్నాడు. మేమొక అభ్యర్థిని ఆ ప్రశ్న అడుగలేదు. మా విద్యార్థులలో కొందరైనను రేపు నియామక సంఘములలో కూర్చుందురు. వారు అడుగుదురుగాక.